డమ్మీ మాత్రకు వచ్చిన దద్దుర్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, విజయవాడలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూర్ఛకు కొత్తగా తయారైన మాత్ర మీద జరిగే పరిశోధనకు నన్ను ముఖ్య పరిశోధకురాలిగా నియమించారు. ప్రభుత్వ వైద్య కళాశాలలో న్యూరాలజీ ప్రొఫెసరుగా పదవీ విరమణ చేసి, ఇంట్లో ఊరికే కూర్చోలేక అక్కడ చేరిన రోజులవి. హోదా పేరు పెద్దదే గానీ పనిలో సగం సంతకాలు. తేడా వస్తే సంజాయిషీ చెప్పుకోవలసింది మాత్రం నేనే.

పద్ధతి ఇది. రోగులు వాడుతున్న పాత మందులు అలాగే సాగుతాయి. వాటికి తోడు కొందరికి కొత్త మాత్ర ఇస్తాం. మిగిలినవాళ్లకు అచ్చం దానిలాగే ఉండి లోపల మందు లేని డమ్మీ మాత్ర ఇస్తాం. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ వివరం కంపెనీ కంప్యూటరులో ఉంటుంది. ప్రాణాపాయమైతే తప్ప ఆ గుట్టు విప్పకూడదు. ఇదంతా చేరే ముందే రోగికీ ఇంట్లోవాళ్లకూ తెలుగులో చెప్పి, కెమెరా ముందు అంగీకారం తీసుకుంటాం.

మైలవరం దగ్గర పల్లెటూరు నుంచి కృష్ణవేణి అనే డిగ్రీ విద్యార్థిని తల్లి నాగమణితో వచ్చేది. భవానీపురం నుంచి శివాజీ తన తల్లి వెంకటరత్నంతో వచ్చేవాడు. అతను ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తూ, ఫిట్స్ వల్ల పని మానేసినవాడు. ఇద్దరికీ ఒకే రోజు చెకప్ పడేది. వరండాలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, ఆ తల్లులిద్దరూ త్వరలోనే ‘వదినా’ అని పిలుచుకునేదాకా వచ్చారు. క్యారేజీలు విప్పి కూరలు మార్చుకుని తింటుంటే నాకు ముచ్చటేసేది.

శివాజీకి ఫిట్స్ బాగా తగ్గాయి. ఇంకొన్నాళ్లు మిషను జోలికి పోవద్దని చెబితే బుద్ధిగా తలూపాడు. కృష్ణవేణిలో మాత్రం ఏ మార్పూ లేదు.

తర్వాతి చెకప్ ఇంకా రాకముందే కృష్ణవేణిని జ్వరంతో తీసుకొచ్చారు. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. పెదవులు పుండ్లు పడి, మంచినీళ్లు కూడా గొంతు దిగడం లేదు. కొత్త మందు పడనివాళ్లకు ఇలాగే మొదలై, చర్మం ఊడిపోయి, ప్రాణం మీదికి రావచ్చని మాకు ముందే హెచ్చరిక ఉంది. మాత్ర ఆపించి, ఐసీయూలో చేర్చి, గుట్టు విప్పడానికి కంప్యూటరులో ఆమె నంబరు కొట్టాను. ఆమెకు ఇస్తున్నది డమ్మీ అని వచ్చింది.

మందే లేని మాత్రకు ఈ దద్దుర్లేమిటి? నంబరు తప్పు కొట్టానేమోనని మా కోఆర్డినేటర్ సునీత చేత మళ్లీ చూపించాను. అదే జవాబు వచ్చింది.

నాగమణిని గదిలోకి పిలిచి, నాటుమందు గానీ ఆకుపసరు గానీ మింగించారా అని కాస్త గట్టిగానే అడిగాను.

“అయ్యో, బయటి మందులేవీ ముట్టలేదండీ. మీరిచ్చిన మాత్రలేనండి,” అంది. మళ్లీ తనే, “సగం మావి, సగం వదినవాళ్లవి,” అంది.

పంచుకుందామన్న మాట వెంకటరత్నం నోటినుంచే ముందు వచ్చిందట. “మావాడికి తెరిపిచ్చింది గదా వదినా, నీ పిల్ల మాత్రం ఎన్నాళ్లు బాధపడుద్ది? చెరిసగం ఏసుకోనిద్దాం,” అందట. పోయిన చెకప్ రోజున బస్టాండులో కూర్చుని, రెండు డబ్బాలూ ఒళ్లో కుమ్మరించి, బాగా కలిపి, సమంగా పంచుకున్నారు. డబ్బాలు ఎటూ మా దగ్గరికి ఖాళీగానే తిరిగి వస్తాయి. మేం ఎన్నిసార్లు లెక్కపెట్టినా తేడా దొరికేది కాదు.

కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవలసిన మందు ఆ పిల్ల ఒంట్లో ఒక్కసారిగా పడింది. అది అర్థమవుతుండగానే రెండో సంగతి తట్టింది. శివాజీకి అందుతున్నది సగం మందే. ఉన్నట్టుండి తగ్గిస్తే ఈ జబ్బు తిరగబెడుతుంది.

ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటికి చేస్తే ఆటోనగర్ షెడ్డుకు వెళ్లాడన్నారు. సునీతను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాను. శివాజీ షెడ్డు బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతికి కట్టు ఉంది. ఫిట్స్ తగ్గాయి కదా అని మళ్లీ పనిలో చేరాడట; క్రితం వారం మిషను దగ్గర ఫిట్స్ వచ్చి, తిరుగుతున్న దాంట్లో చెయ్యి పడింది. రెండు వేళ్లు తీసేశారు. నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. మాకెందుకు కబురు చేయలేదని అరిచాను.

“చెప్తే ట్రయల్లోంచి తీసేస్తారంట గదండీ,” అన్నాడు. “నన్ను తీసేస్తే ఆ అమ్మాయికి మాత్రలెట్టా వస్తాయండీ?”

నియమం ప్రకారం రెండు సంఘటనలనూ కంపెనీకీ, రోగుల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకీ తెలియజేసి, ఇద్దరినీ పరిశోధన నుంచి తప్పించాను. కమిటీ పట్టుబట్టడంతో శివాజీకి మందు కొనసాగించడానికి కంపెనీ ఒప్పుకుంది. కృష్ణవేణి చాలా రోజులకు కోలుకుంది. ఆ మందు ఆమెకు ఇక జన్మలో పనికిరాదని, మళ్లీ పంచిపెట్టొద్దని వెంకటరత్నానికి నేనే చెప్పాను.

మాత్రలు వేరొకరికి ఇవ్వకూడదని చేరేటప్పుడు వాళ్లకు చదివి వినిపించిన మాట నిజం. అప్పటికి ఆ ఇద్దరు తల్లులూ ఒకరికొకరు తెలియదు. మాత్రకు గుణం ఉందో లేదో తేల్చడానికి మా దగ్గర ఎన్నో పద్ధతులున్నాయి. గుణమిచ్చిన మాత్రను ఇంటికి తీసుకెళ్లి మనుషులు ఏం చేస్తారో కనిపెట్టే పద్ధతి ఒక్కటీ లేదు. మందు భద్రత అంటే ఇది కూడా అని నాకు అప్పుడు తెలిసింది. అందుకని ఆ తర్వాత డబ్బా చేతికిచ్చే ముందు ప్రతి కుటుంబాన్నీ నేనే అడగడం మొదలుపెట్టాను. ఎవరికైనా ఇస్తున్నారా అని అడిగితే లేదనే అంటారు కాబట్టి, ఈ మాత్రలు ఇంకెవరు వేసుకుంటున్నారు అని అడిగేదాన్ని.

అలా అడిగిన మొదటి రోజునే ఒకాయన తన భార్య ముఖంలోకి చూశాడు. ఆమె తల దించుకుని, “మా తోటికోడలి కూతురండీ,” అంది.