తలుపు తీయడమే తెలిసినవాడు

ఆ వీధిలో అతన్ని అందరూ దొంగబాబాయ్ అనేవారు. దొంగతనం ఎన్నడూ చేయలేదు. చేయదలుచుకుంటే ఆ వీధిలో ఒక్క ఇల్లూ మిగిలేది కాదు. బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని మారు తాళంచెవులు చేసేవాడు. చెవి పోగొట్టుకున్నవాళ్ళు, లోపల గడియ పడిపోయి బయట నిలబడ్డవాళ్ళు, తాగొచ్చి సొంత తలుపు తెరవలేనివాళ్ళు, అందరూ అతని దగ్గరికే.

"నువ్వు దొంగవి కాకపోవడం మా అదృష్టం బాబాయ్."

"మీ ఇంట్లో ఏముందని దొంగనవ్వాలి?"

అతనికి ఉన్నది ఒకే ఒక్క గర్వం: తలుపు మీద గీత పడకుండా తీయడం. పగలగొట్టేవాణ్ణి పనివాడిగా లెక్కపెట్టేవాడు కాదు. "దానికి నేనెందుకు, ఎద్దును పిలవండి" అనేవాడు. ఇలాంటి పట్టింపును మనం పనితనం అని మెచ్చుకుంటాం. మెచ్చుకోవచ్చు, భూమి కదలనంతవరకూ.

కదిలినప్పుడు అతను గొడుగు కిందే ఉన్నాడు. వేలాడదీసిన చెవుల గుత్తులన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి. ఎదుటి మేడ మోకాళ్ళ మీద కూలబడినట్టు కింది అంతస్తులోకి దిగిపోయింది. పడిపోయిన ఇళ్ళ దగ్గర ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. నిలబడ్డ ఇళ్ళది ఇంకో గోల. గోడలు ఒరిగి, గుమ్మాలు వంకరపోయి, తలుపులు బిగుసుకుపోయాయి. లోపల జనం. "దొంగబాబాయ్ ఏడీ?" అని నాలుగు వైపుల నుంచీ కేకలు.

కొన్ని తలుపులు సులువుగానే వచ్చాయి. దర్జీ ఇంటి తలుపు రాలేదు. ఎవరిదో గడ్డపార అడిగి తీసుకుని గుమ్మాన్ని కాస్త ఎత్తాడు. తలుపు తెరుచుకుంది. "అమ్మయ్య" అంటూ లోపలి నుంచి దర్జీ గుమ్మంలోకి అడుగుపెట్టాడు. దాంతోపాటే పైగోడ దిగింది. ఆ వంకర గుమ్మమే అప్పటిదాకా గోడను మోస్తోందని దొంగబాబాయ్‌కి అప్పుడు తెలిసింది.

"నీ తప్పేముంది బాబాయ్, వాడికి అంతే రాసిపెట్టి ఉంది" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఆ మాట భలే ఉపయోగం. అన్నాక ఇంకేం ఆలోచించక్కర్లేదు.

అంతలో అతని బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. బస్సు కండక్టరు. టిక్కెట్ల సంచి ఇంకా భుజానే ఉంది.

"మీ అక్క బాత్రూంలో ఇరుక్కుపోయింది. బాగానే ఉంది. తలుపు రావట్లేదు. రా!"

వాళ్ళది రెండో అంతస్తు. మేడ వెనక్కి ఒరిగింది కానీ మెట్లు నిలిచాయి. బాత్రూం తలుపు తట్టగానే లోపలి నుంచి అక్క గొంతు ఖంగుమంది.

"వచ్చావా దొంగవెధవా! ఊళ్ళో అందరి తలుపులూ తీశాక మా ఇల్లు గుర్తొచ్చిందా?"

"దెబ్బలేమైనా తగిలాయా అక్కా?"

"నాకేంటి, చెంబు కూడా సొట్టపోలేదు. బట్టలు వేసుకునే ఉన్నాలే, సిగ్గుపడకుండా తియ్యి."

అతను పైకి చూశాడు. పగులు గోడలోంచి గుమ్మం మూలదాకా దిగింది, దర్జీ ఇంట్లోలాగే. తలుపు పల్చటి ప్లైవుడ్ చెక్క. దాన్ని అతను చూడనే లేదు. చూసిందల్లా గుమ్మాన్నే.

"ఇప్పుడు తియ్యకూడదు బావా."

"గడ్డపార ఇటియ్యి."

"ఇవ్వను. తీస్తే గోడ మీదికొస్తుంది. ఫైరింజను వాళ్ళ దగ్గర జాకీలున్నాయి. పైన ఆనించి అప్పుడు తీద్దాం."

"అది నా పెళ్ళాంరా!"

"నాకు అక్క."

"మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి" అంది అక్క. "ముందు ఏదో ఒకటి తేల్చండి. నుంచుని నుంచుని కాళ్ళు లాగేస్తున్నాయి."

"జాకీలు నేనొక్కణ్ణే మోయలేను, నువ్వూ రా" అని అతను బావ మణికట్టు పట్టుకున్నాడు. అది నిజమే. బావను ఒంటరిగా వదిలితే భుజంతో గుద్ది తలుపు తీస్తాడని భయపడ్డాడు, అదీ నిజమే.

"వెళ్తే వెళ్ళారు, ఆ గ్యాస్ కట్టేసి పోండి" అని వెనక నుంచి వినబడింది. బావ వంటింట్లోకి వెళ్ళి కట్టేసి వచ్చాడు.

జాకీలతో వీధి మలుపు తిరుగుతుండగా భూమి మళ్ళీ కదిలింది. ఈసారి కాసేపే. మేడ వెనక సగం, బాత్రూములున్న వైపు, నిట్టనిలువుగా జారిపోయింది. ముందు గది కిటికీ తెర మాత్రం ఎప్పట్లాగే గాలికి ఊగుతూ ఉంది.

సాయంత్రానికి అక్క శవాన్ని బయటికి తీశారు. బావ ఆమె వెంట ఆసుపత్రి బండెక్కాడు. రాళ్ళు తీయడానికి వచ్చిన ఫైర్‌మ్యాన్ విరిగిన తలుపును కాలితో కదిపి చూశాడు.

"ఇదేనా?"

"ఇదే."

"ప్లైవుడ్డే కదా. కింద ముక్క కోసేసి మనిషిని పాకించి లాగేస్తే సరిపోయేది."

"అలా అయితే తలుపు తెరుచుకోదు కదా?"

"తెరుచుకోవాలని ఎవరన్నారు? మనిషి బయటికి రావాలి, అంతే."

అతను దెప్పాలని అనలేదు. పని చెప్పాడు, అవతలి కుప్ప వైపు వెళ్ళిపోయాడు. తుప్పు పట్టిన తాళాలు కోసే చిన్న రంపం పొద్దుటి నుంచీ దొంగబాబాయ్ భుజం మీది సంచిలోనే ఉంది.

మర్నాటి నుంచి అతను తలుపులు కోశాడు. ఏ తలుపూ తీయలేదు, ఏ గుమ్మాన్నీ ముట్టుకోలేదు. కింద ఒక కన్నం, అందులోంచి మనిషి. చాలామంది బతికారు. సొంత దుఃఖాన్ని దిగమింగి పరుల సేవలో మునిగాడని ఒక పత్రిక రాసింది. దుఃఖంలోంచి సేవ పుట్టడం చదవడానికి బాగుంటుంది. అతని సేవ పుట్టింది ఫైర్‌మ్యాన్ చెప్పిన ఒక్క ముక్కలోంచి. ఆ ముక్క అతను బావకు చెప్పలేదు.

బావకు ఇల్లు లేదు, వెళ్ళడానికి డ్యూటీ లేదు. సంచి మోస్తానంటూ వెంటే తిరిగేవాడు. అతను ప్రతి మేడ దగ్గరా "నువ్వు కిందే ఉండు బావా, మెట్లు బాగాలేవు" అని ఆపేసేవాడు. తలుపు ఎలా కోస్తున్నాడో బావ చూడకూడదు, అంతే.

ఒక మేడలో రిటైరైన హెడ్మాస్టరు బాత్రూంలో చిక్కుకున్నాడు. భారీ మనిషి. కోసిన కన్నంలో సగం వచ్చి ఆగిపోయాడు. "ఎవరైనా ఓ చెయ్యి వెయ్యండి!" అని దొంగబాబాయ్ అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు. అప్పటికే బావ పైకి వచ్చేశాడు. హెడ్మాస్టరు చంకల కింద చేతులు వేసి లాగాడు.

"నెమ్మదయ్యా! నేను మనిషిని, బీరువాని కాను!"

వచ్చాడు. గుమ్మం కదల్లేదు. గోడా పడలేదు. బావ అక్కడే చతికిలబడి ఆ కన్నాన్ని చూశాడు. చేయి అందులో పెట్టి, అంచు తడిమి, తీశాడు.

"ఇంతేనా?"

"ఇంతే బావా."

"ఈ రంపం ఆ రోజు..."

"సంచిలోనే ఉంది."

బావ లేచాడు. హెడ్మాస్టరును వీపు మీద ఎక్కించుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు. సంచి అక్కడే వదిలేశాడు.

"దొంగబాబాయ్, ఇక్కడ ఇంకోటుంది!" అని పై అంతస్తు నుంచి ఎవరో పిలిచారు.

అతను రంపం తీసుకుని పైకి వెళ్ళాడు. ఆ తలుపు వెనక మనిషి పలకడం పొద్దుటే ఆగిపోయిందట. అయినా కూర్చుని కోశాడు.