దుబాయి పెళ్లికి ఒడిబియ్యం

పరాయి దేశంలో పెళ్లికి పోవాల్సిన వాళ్లు ఈమధ్య నాకు ఫోన్లు చేస్తున్నారు. కామారెడ్డిలో నేను పాఠాలు చెప్పే బడిలోని టీచర్ల నుంచి, మాచారెడ్డిలో ముఖపరిచయం కూడా లేనివాళ్ల దాకా, అందరికీ నేను జీతం లేని ట్రావెల్ ఏజెంటునైపోయాను. "మేడం, మీరు దుబాయి పెండ్లికి పోయొచ్చిండ్రట గదా, ఏమేం జూసుకోవాలె?" అని మొదలుపెడతారు.

నేను ఓపికగానే చెప్తాను. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు తక్కువ ఉండకూడదు. ఆధార్‌లో పేరు, పాస్‌పోర్టులో పేరు, టికెట్టు మీద పేరు ఒక్కలాగే ఉండాలి. బీపీ గోలీలు డాక్టరు చీటీతో కలిపి పెట్టుకోవాలి. మసాలాలో గసగసాలు కలిపి ఉంటే ఆ పొట్లాన్ని ఇంటి గడప దాటనివ్వొద్దు, అక్కడ గసగసాలు మత్తుమందు కింద లెక్క. ఎండాకాలమైనా శాలువా పెట్టుకోవాలి, అక్కడ బయట నిప్పులు చెరిగినా హాల్లో ఏసీకి పళ్లు కొట్టుకుంటాయి. ఇదంతా విని చివర్న, "గవన్ని సరే గని మేడం, పక్కింటోళ్ల పిలగానికి రెండు కిలోల మామిడికాయ తొక్కు తీసుకపోవచ్చా?" అంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో పాపం వాళ్లకు తెలియదు.

మా అక్కది ఎల్లారెడ్డి. బస్టాండు దగ్గర గాజుల దుకాణం నడుపుతుంది. బావ ఇరవై ఏళ్లుగా దుబాయిలోనే పని. వాళ్ల బిడ్డ నర్సింగ్ చదివి అక్కడే ఆస్పత్రిలో చేరింది. కుదిరిన పిల్లవాడు కూడా అక్కడే. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికేలా లేదని పెళ్లే అక్కడ పెట్టుకున్నారు. ఇక్కడి నుంచి పోవాల్సింది తొమ్మిదిమందిమి. అందరిలో ఫారాలు నింపడం వచ్చినదాన్ని నేనే కాబట్టి పెత్తనమంతా నా నెత్తినే పడింది. నిజం చెప్పాలంటే నేనే మీదేసుకున్నాను.

ఆ తొమ్మిదిమందిలో ఒకరు మా అమ్మ. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ లింగంపేటలో బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. అక్క దుకాణంలో పడి తీరిక లేకపోతే ఈ మనవరాలిని కూడా పదో తరగతి దాకా తన దగ్గరే ఉంచుకుంది. బాపు పోయినప్పటి నుంచి అవ్వ ఏ శుభకార్యంలోనూ ముందుకు రాదు. ఎవరూ పొమ్మనరు, అట్లని రమ్మని కూడా అనరు. ఆడపిల్లను సాగనంపేటప్పుడు పుట్టింటివాళ్లు కొంగులో పసుపు కలిపిన ఒడిబియ్యం పోస్తారు కదా, మా అక్కచెల్లెళ్లకు అవి కూడా అప్పటి నుంచి అన్న భార్య, మా వదినే పోస్తుంది. అవ్వ బియ్యం కలిపి ఇచ్చి, తలుపు పక్కన నిలబడి చూస్తుంది.

అట్లాంటి అవ్వకు మనవరాలు ఫోన్ చేసింది. "అమ్మమ్మా, నా ఒడిబియ్యం నువ్వే పొయ్యాలె. ఈడ నిన్ను అనేటోళ్లు ఎవ్వరు లేరు. నేను నీ బువ్వ తినే పెరిగిన" అంది. అవ్వ ఫోను పక్కన పెట్టి చాలాసేపు బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే "నాకు పాస్‌పోర్టు తీపియ్యి" అంది. అంత వయసు వచ్చినా నన్ను ఇది కావాలని ఎప్పుడూ అడగని మనిషి.

పాస్‌పోర్టు ఆఫీసులో అవ్వ వేలిముద్రలు యంత్రం మీద పడలేదు. యాభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్ల మీద గీతలేం మిగులుతాయి? కుడిచెయ్యి, ఎడమచెయ్యి, తడిపి, తుడిచి, ఎన్నిసార్లు పెట్టినా ఎర్రలైటే. "పది దినాలు ఆకు ముట్టకమ్మా, చేతులకు వాజిలిన్ రాసుకొని మళ్ల రా" అన్నాడు అక్కడి ఆయన. అవ్వ పది రోజులు ఆకు ముట్టలేదు. జ్వరం వచ్చినా బీడీల చాట ఒళ్లోంచి దించనిది, ఆ పది రోజులు చేతులను ఏం చేసుకోవాలో తెలియక పెరట్లో కోళ్లను తిడుతూ తిరిగింది. రెండోసారి పచ్చలైటు వెలిగింది. అవ్వ ఆఫీసులో అందరికీ తన వేళ్లు చూపించింది.

ఒడిబియ్యం తనే కలుపుకుంది. మా పొలంలో పండిన బియ్యం, రాళ్లు లేకుండా రెండుసార్లు చెరిగి, పసుపు, నూనె పట్టించి, ఐదు కిలోలు తెల్లగుడ్డ సంచిలో పోసి మూతి కట్టింది. పైన కుడుకలు పెట్టబోతే నేను వద్దన్నాను, ఎండుకొబ్బరి విమానంలో ఒప్పుకోరని. "కుడుకలు లేని ఒడిబియ్యమా?" అంది. "ఆడ దొరుకుతయి అవ్వా" అన్నాను. సరేనని తీసేసింది. నేనే గెలిచాననుకున్నాను.

ఎల్లారెడ్డిలో అక్క దుకాణం పక్కన కిరాణం కాంటా మీద ప్రతి పెట్టెను నేనే తూచాను. ఒక్కొక్క దానికి చీటీ అంటించాను. అన్నీ కొలతకు లోపలే ఉన్నాయి. ఊరి పెళ్లికి కుక్కల హడావుడి అని అక్క నన్ను చూసి నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

తెల్లారి బండి ఎక్కబోతుంటే మొదలయ్యాయి పార్సళ్లు. మా దగ్గర గల్ఫ్ పోయే మనిషి సంచిలో ఊరికి కూడా వాటా ఉంటుంది. ఇది ఎవరూ రాయని చట్టం. ఒకామె కొడుక్కి సకినాలు తెచ్చింది. ఒకాయన తమ్ముడికి బీడీ కట్టలు తెచ్చాడు. ఇంకొకామె మసాలా పొట్లం ఇస్తే విప్పి చూశాను, గసగసాలు! తిరిగిచ్చేస్తే ముఖం మాడ్చుకుంది. బండి కదిలాక కూడా వదల్లేదు. కామారెడ్డి దగ్గర రోడ్డు పక్కన బీర్కూరు నుంచి వచ్చిన ఒకావిడ తొక్కు డబ్బా ఒళ్లో పెట్టుకుని మా కోసం గంట నుంచి కూర్చుని ఉంది. అక్కే ఫోన్లో రమ్మన్నదట. "అక్కా, నేను తూచిన పెట్టెలివి!" అని నేను అరుస్తూనే ఉన్నాను. "ఇంత డబ్బాకే ఏమైతదే? పాపం, రెండేండ్ల సంది కొడుకును జూడలే ఆమె" అని అక్క పెట్టె మూత తీసి డబ్బాను అందులో కుక్కింది.

విమానాశ్రయంలో పెట్టెలు కాంటా ఎక్కాయి. ఐదు కిలోలు ఎక్కువొచ్చింది. చేతి సంచులు కూడా తూచారు, అవీ నిండుగానే ఉన్నాయి. తీసేయండి, లేకపోతే దానికి వేరే కట్టండి అంది కౌంటరులో అమ్మాయి. ఆమె చెప్పినంత కట్టడానికి మా దగ్గర లేదు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. నేను తొక్కు డబ్బాకు చెయ్యి పెట్టగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. "పరాయోళ్ల సొమ్మది. ఇడిసిపెట్టి పోతే ఊళ్లె మొఖమెట్ల జూపెట్టాలె?" అంది. నాకు పొద్దున్నుంచి ఉన్న కోపమంతా ఒక్కసారి పొంగింది. పెట్టెలో అన్నిటికన్నా బరువుగా చేతికి తగిలింది తెల్లసంచి. లాగి బయట పెట్టాను.

అవ్వ సంచి మూతి పట్టుకుంది. "గవి ఒడిబియ్యం బిడ్డా" అంది, నేను చూసుకోలేదేమో అన్నట్టు.

"దుబాయిల బియ్యం దొరకవా అవ్వా? సంచులకు సంచులు దొరుకుతయి!" అన్నాను, అందరూ వినేలాగా.

"దొరుకుతయి బిడ్డా" అని అవ్వ చెయ్యి తీసేసింది. నేను గేటు దాకా పోయి, బయట ఇంకా ఉన్న మా బండి డ్రైవరన్నకు సంచి అందించి వచ్చాను. పెట్టెలు సరిగ్గా తూగాయి.

దుబాయిలో దిగిన రోజే ఆ పార్సళ్ల కోసం మా వైపు పిలగాళ్లు మా గదికి వచ్చారు. బీర్కూరు అతను డబ్బా మూత తీసి వాసన చూసి, కళ్లు తుడుచుకుని, "అవ్వా, మా అమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు. అవ్వ ఆమెను బండి కిటికీలోంచి నిమిషం చూసి ఉంటుంది. "మంచిగున్నది బిడ్డా, నిన్నే యాది జేస్తున్నది" అంది. అతన్ని చూస్తే తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు. తిట్టడానికి ఎవరూ దొరకకపోవడం ఎంత చిరాకో అప్పుడే తెలిసింది.

పెళ్లి బాగా జరిగింది. అప్పగింతలప్పుడు మనవరాలు కొంగు పట్టి కూర్చుని, "అమ్మమ్మేది?" అంది. బావ అక్కడి దుకాణం నుంచి సన్నటి పొడుగుబియ్యం తెచ్చి పసుపు కలిపించాడు. కుడుకలు కూడా దొరికాయి, నేను అన్నట్టే. అవ్వ ముందుకు వచ్చింది, పళ్లెం వైపు చూసి ఆగిపోయింది.

"అమ్మమ్మా, మన ఇంటి బియ్యమేవి? కలిపిన అన్నవ్ గదా ఫోన్ల?" అంది పిల్ల.

"ఇంట్లనే మర్చిపోయొచ్చిన బిడ్డా. ముసలిదాన్నైన గద" అంది అవ్వ.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు విప్పలేదు. బడిలో పిల్లలు చిన్న అబద్ధమాడితే గోడకు నిలబెట్టే మనిషిని. అందరూ పొయ్యమ్మా, పొయ్యి అంటూనే ఉన్నారు, ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. అవ్వే వెనక్కు జరిగింది. "మా ఇంటియైతే, మా ఇంటియని పోద్దును. కొన్న బియ్యం పొయ్యనీకె నేనే ఎందుకు? ముత్తైదువలున్నరు గద" అని అక్కను ముందుకు నెట్టింది. ఆ సంచి ఉంటే అదే తనకు ధైర్యమని, దాన్ని అడ్డం పెట్టుకునే ఇంత దూరం వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది. బియ్యం పోస్తున్నంతసేపు అవ్వ తలుపు పక్కనే నిలబడింది. ఇంట్లో నిలబడ్డట్టే.

అందుకే ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా తొక్కు సంగతికి వచ్చేసరికి కసురుతాను. ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇచ్చింది పెట్టె అడుగున పెట్టండి, దాని మీద ఏ ఊరి పార్సలైనా పెట్టుకోండి, ఎక్కువైతే పైనుంచి తీయండి అంటాను. మేడానికి కోపం ఎక్కువని ఫోన్ పెట్టేస్తారు.

దుబాయి నుంచి వచ్చిన వారానికి లింగంపేట పోయాను. డ్రైవరన్న ఆ సంచిని భద్రంగా ఇంట్లో ఇచ్చిపోయాడట. అవ్వ ఆ బియ్యాన్ని మూడు నీళ్లు పోసి కడిగి వండింది. ఎంత కడిగినా అన్నం పచ్చగానే ఉంది. నాకు వడ్డించి, "తిను. ఒడిబియ్యం పారబొయ్యొద్దు" అంది.

రెండు ముద్దలు తిని ఇక ఆగలేకపోయాను. "అవ్వా, పిల్లకు ఫోన్ జేసి నిజం జెప్త. నువ్వు మర్చిపోలేదు, నేనే తీసేసిన అని."

"చెప్పకు" అంది అవ్వ. "మర్చిపోయిన అంటే నన్ను తిట్టుకుంటది. తీసేసిండ్రు అంటే ఏడుస్తది."

అని నా పళ్లెంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది.