పోలయ్య పట్టిన పక్షులు

2006లో నేను విశాఖపట్నంలో ఒక పరిశోధన ల్యాబ్‌లో టెక్నీషియన్ని. కరెంటు ఉంటే ఏసీ పనిచేయదు, ఏసీ బాగుపడితే కరెంటు ఉండదు. అలాంటి చోటికి సునీత అనే రీసెర్చ్ స్కాలర్ వచ్చి, సముద్రపు పక్షుల ఆరోగ్యాన్ని చుక్క రక్తంలో కొలుస్తానంది. సరే, మన నెత్తిన ఇంకో బరువు అనుకున్నాను.

ఆమె కొలవాలనుకున్నది టెలోమియర్. డీఎన్ఏ పోగు చివర దాన్ని కాపాడుతూ ఉండే భాగం అది. చీర కొంగుకి కుచ్చుముళ్లు వేస్తాం చూడండి, అలాంటిదే. వయసు వల్లా, జబ్బు వల్లా, తిండి దొరక్క పడే అవస్థ వల్లా అది పొట్టిదైపోతుంది.

పోర్టు పొగలో బతికే సీగల్స్ టెలోమియర్లు, అచ్యుతాపురం అవతలి తీరంలోని వాటికన్నా పొట్టిగా ఉంటాయా అన్నది సునీత ప్రశ్న. అవతలి తీరంలో అనుమతి తీసుకుని తనే వల పన్ని పట్టేది. పోర్టు వైపు అలా కుదరక, మల్కాపురంలో ఉండే పోలయ్య అనే మత్స్యకారుడి సాయం తీసుకుంది. అతను గంపలో పక్షిని తెస్తే, ఆమె చుక్క రక్తం తీసి తిరిగి ఇచ్చేసేది.

ఫలితాలు చూసి సునీత గైడ్ ప్రొఫెసర్ గారికి కాళ్లు నేల మీద నిలవలేదు. పోర్టు పక్షుల టెలోమియర్లన్నీ పొట్టివే. నమ్మకం కుదరక అవే శాంపిళ్లని పీసీఆర్ మెషీన్‌లో నాచేత మూడుసార్లు తిప్పించారు. మూడుసార్లూ అదే. సునీత ఫెలోషిప్ మరో రెండు నెలల్లో ముగుస్తుంది; థీసిస్ అంతా ఈ తేడా మీదే నిలబడింది.

ఒక ఉదయం సునీత ఇంకా రాకముందే పోలయ్య మరో పక్షిని తెచ్చాడు, గంప నేనే అందుకున్నాను. దాని కాలికి నైలాన్ దారం బిగుసుకుని వాచిపోయింది.

"ఇదేంటి పోలయ్యా, ఇలాంటిది తెచ్చావ్?"

"అన్నీ ఇలాంటివే గదమ్మా తెత్తన్నాను. గేలం మింగినవీ, ఎగరనేనివీ. పైకి కనపడదంతే."

గంప కింద పెట్టేశాను. "బాగున్నవి పట్టలేదా?"

"బాగున్న పిట్టని మేం ముట్టం. సేపలు ఏడున్నాయో అదే సూపిత్తాది. దాన్ని పట్టుకుంటే మా వల్లో సేప పడదు. బాగోనేందాన్ని తెచ్చి, నయమయ్యాక వొగ్గేత్తాం."

"ఈ మాట ముందే చెప్పొద్దా!" అని అరిచేశాను.

"మొదటిరోజే సెప్పినానమ్మా. సునీతమ్మ రాసుకున్నాది కూడా."

నోట్‌బుక్ తీసి చూస్తే నిజమే. చివరి పేజీలో, స్థానిక నమ్మకాలు అన్న శీర్షిక కింద, అందమైన చేతిరాతతో ఉంది. ఆ పేజీని కంప్యూటర్లో టైపు చేసింది ఎవరో కాదు, నేనే. "భలే నమ్మకం" అని నవ్వుకుని మరీ టైపు చేశాను. పోర్టు పొగ గురించి మేం తేల్చిందేమీ లేదు. జబ్బు పక్షుల్ని తెచ్చి, జబ్బుగా ఉన్నాయని మూడుసార్లు రుజువు చేశాం. నా మీద నాకే ఒళ్లు మండింది.

"ఎవరికి తెలుస్తుందిలే, రాసెయ్" అన్నారు ప్రొఫెసర్ గారు, సంగతి విన్నాక. సునీత గంటసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, "నేను రాయలేను సార్" అంది. ఫెలోషిప్ ఆగిపోయింది. పగలు ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మరుసటి చలికాలం పోర్టు వైపు కూడా అనుమతి తెచ్చుకుని తనే వల పన్నింది. ఈసారి రెండు తీరాలకీ పెద్ద తేడా రాలేదు. కానీ పోర్టు వైపు బాగున్న పక్షులకీ, పోలయ్య తెచ్చిన వాటికీ మధ్య తేడా స్పష్టంగా వచ్చింది. థీసిస్ దాని మీదే రాసింది. ఏడాది ఆలస్యమైంది.

అప్పట్నుంచి ఎవరు శాంపిల్ తెచ్చినా, ట్యూబు అందుకునే ముందే ఎవరు పట్టారు, ఎలా పట్టారు, దీన్నే ఎందుకు పట్టారు అని అడుగుతాను. కొత్త స్కాలర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

డిగ్రీ వచ్చాక సునీత పోలయ్యకి స్వీట్లు పట్టుకెళ్తే నేనూ వెళ్లాను. ఏం కనిపెట్టిందో ఓపిగ్గా వివరించింది. అంతా విని పోలయ్య నా వైపు తిరిగాడు.

"ఆ పిట్టలకి బాగోనేదని తెలుసుకోడానికేటమ్మా ఇన్నేళ్లు పట్టింది?"