నూకరత్నం ఫీల్డ్ టెస్ట్

2024లో, వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగిన రోజులవి. అనకాపల్లిలో ఒక కంటి ఆసుపత్రిలో బీమా డెస్కు నాది. రోగులు నన్ను 'బిల్లులమ్మ' అంటారు. నిజానికి బిల్లు వేయడం పెద్ద పని కాదు. ఆ ఆపరేషన్ ఎందుకు చేయాలో మనిషిని చూడనివాళ్లకు కాగితాల మీద నమ్మించాలి, అదే కష్టం. ఆపరేషన్‌కి ముందు తీసుకునే ఆ అనుమతిని ప్రీ-ఆథ్ అంటాం. అది రాకపోతే డాక్టరుగారైనా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

నూకరత్నం పూడిమడక నుంచి వచ్చింది. ఒడ్డున వేలంపాటలో చేపల గంప పాడుకుని, ఊళ్లు తిరిగి అమ్ముతుంది. ఆవిడకు గ్లకోమా, అంటే మనవాళ్లు నీటికాసులు అనే జబ్బు. కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేస్తుంది. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి చుక్కలన్నీ వేసి చూశారు, ఒక ఆపరేషన్ కూడా అయింది, ఒత్తిడి మాత్రం దిగలేదు. ఇక మిగిలింది డ్రైనేజ్ ఇంప్లాంట్. సన్నటి గొట్టం ఒకటి కంట్లో పెట్టి, లోపలి నీరు పైపొర కింద అమర్చిన చిన్న పలక మీదికి పోయేలా చేస్తారు.

"పోయిన చూపు రాదమ్మా. ఉన్నది నిలబెట్టడానికే ఈ ఆపరేషన్. ఆలస్యమైతే అదీ పోతుంది" అన్నారు డాక్టరుగారు, దాపరికం లేకుండా.

"ఉన్నది సాలు బాబూ. సేప మొప్ప ఎర్రగుందో లేదో తెలిత్తే నా యాపారం నడిసిపోద్ది" అందావిడ.

ఒత్తిడి రీడింగులు, నరం ఫొటో, ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు అన్నీ జతచేసి పంపాను. ఫీల్డ్ టెస్ట్ అంటే చూపు ఎంత మేర మిగిలిందో కొలిచే పరీక్ష. గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టి, చిన్న వెలుగు మెరిసినప్పుడల్లా మీట నొక్కాలి. రెండో రోజు బీమావాళ్ల నుంచి క్వెరీ, అంటే సందేహం, వచ్చింది: పరీక్ష నమ్మదగ్గట్టు లేదు, మళ్లీ చేసి పంపండి. చూస్తే నిజమే. వెలుగు లేనప్పుడు కూడా ఆవిడ మీట నొక్కేసింది. ఆ రిపోర్టు ప్రకారం నాకంటే ఆవిడకే చూపు బాగుంది!

మళ్లీ చేయించాం. ఈసారి ఇంకా ఘోరం. మీట టకటకా మోగుతూనే ఉంది. టెస్ట్ చేసే టెక్నీషియన్ రమణ నెత్తి కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నాకూ ఒళ్లు మండింది. ఒక పక్క కంట్లో ఒత్తిడి తగ్గడం లేదు, మరో పక్క ఈవిడ ఆట. దులిపేద్దామనే వెళ్లాను.

"పిన్నీ, వెలుగు కనబడితేనే కదా నొక్కమన్నాం?"

"కనపడీదాకా కూకుంటే ఏటుంటాది తల్లీ? పక్కోలు పట్టుకుపోరూ?"

"పక్కవాళ్లెవరు? ఆ గదిలో ఉన్నది నువ్వొక్కదానివే!"

"బైట బల్ల మీద అంతమంది కూకున్నారు కాదేటి? ఎవులు ఎక్కువ నొక్కితే ఆలకే ఆపరేసన్ అనుకున్నాను. మా పాటకాడా అంతే. గంపలో తోక తళుక్కుమంటే సాలు, పాడేయాలి. సేప మొత్తం సూసి పాడదామంటే గంప ఎల్లిపోద్ది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. రమణ గోడవైపు తిరిగి నవ్వుకుంటున్నాడు. ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఇక్కడ పాట లేదు పిన్నీ, పోటీ లేదు. ఎవరి ఆపరేషన్ వాళ్లదే. నీకు కనబడనిది కనబడనట్టు వదిలేస్తేనే, ఈ ఆపరేషన్ అవసరమని బీమావాళ్లకు తెలుస్తుంది."

"అయితే ఓడిపోతేనే గెలిసినట్టా?"

"అచ్చంగా అంతే."

"ఇదేం బేరమమ్మా! ముందే సెప్పొద్దా?" అని నన్నే కసిరి, లోపలికి వెళ్లింది.

ఈసారి మీట ఎప్పుడోగాని మోగలేదు. రిపోర్టు వచ్చింది. నడుమ కాస్త మేర తప్ప చుట్టూ నలుపే, అంటే అక్కడ చూపు లేనట్టే. నమ్మదగ్గ పరీక్ష అని కిందనే ఉంది. నేనూ రమణా ఎగిరి గంతేసినంత పనిచేశాం. "అంత చెడ్డ రిపోర్టుకి ఆ సంబరమేంటి?" అన్నారు డాక్టరుగారు. అప్పుడుగానీ నాకు తట్టలేదు. ఇంత చూపుతోనా ఈవిడ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరుగుతున్నది!

అనుమతి వచ్చింది. ఆపరేషన్ సాఫీగా జరిగింది. ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్‌ని కేస్‌షీట్‌లో అతికించాను. ఏ రోగికి ఏ ఇంప్లాంట్ పెట్టారో చెప్పే రుజువు అదే. అప్పటినుంచీ ఏ రోగినైనా టెస్టుకి పంపేముందు, అది దేనికనుకుంటున్నారో అడుగుతాను. రావికమతం రైతొకాయన "వికలాంగుల పింఛనుకి కాదా?" అన్నాడు. ఏమీ కనబడడం లేదని చెప్పడానికి ఆయన ఇంటి దగ్గరే సిద్ధమై వచ్చాడట. ఎదుటివాళ్లకు అర్థమైపోయిందని మనమే అనుకుంటే కుదరదని నూకరత్నం వల్లే నాకు తెలిసొచ్చింది.

ఆవిడ రివ్యూకి వచ్చిన రోజు క్లెయిముకి ఫొటో కావాలి. ఆవిడ కిందికి చూస్తుంటే, రెప్ప పైకెత్తి, పలక అమర్చిన చోటు కనబడేలా ఫొటో తీయాలి. అంతకుముందే డాక్టరుగారు ఒత్తిడి దిగిందని చెప్పారు. చాలామంది ఈ ఆపరేషన్ తర్వాత చూపు పెరగలేదని నా డెస్కు దగ్గరికి వచ్చి నిష్ఠూరమాడతారు. అందుకే కాస్త భయపడుతూనే అడిగాను.

"ఎలా ఉంది పిన్నీ?"

"ఉన్నది ఉన్నట్టే ఉంది తల్లీ!" అని పకపకా నవ్వింది. "అణా ఎక్కువ లేదు, అణా తక్కువ లేదు. నీ మొకం అప్పుడెంతో ఇప్పుడూ అంతే!"

రమణ రెప్ప పట్టుకున్నాడు. నేను ఫొటో తీయబోతే ఆవిడ నవ్వు ఆగదు, తల నిలవదు. ఎన్ని తీసినా చెదిరిపోయాయి. చివరికి ఒకటి కుదిరింది, పళ్లన్నీ కనబడుతూనే. అదే క్లెయిముకి జతచేశాను. దాని మీద ఎవరూ క్వెరీ వేయలేదు.