ఆడపడుచు గండి

మా పుట్టిల్లు గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డున. అత్తవారిల్లు కూడా అదే నది ఒడ్డున, కింద శ్రీకాకుళం జిల్లాలో. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఒకటి ఉందని పెళ్ళయ్యాక కూడా నేను పెద్దగా పట్టించుకోలేదు. బస్సు కిటికీలోంచి ఒడియా బోర్డులు పోయి తెలుగు బోర్డులు కనిపిస్తే, ఓహో దాటేశాం కాబోలు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ గీత మా నట్టింట్లోంచే పోతోంది.

వేసవి చివర నది సన్నబడిపోతుంది. అప్పుడు మా పుట్టింటి ఊరివాళ్ళు ఇసుకతో, తుప్పలతో నదికి అడ్డంగా కట్ట వేసి, ఉన్న కాస్త నీటినీ తమ కాలువలోకి మళ్ళిస్తారు. వరినారు పోసిన ఆకుమళ్ళు తడవాలంటే వేరే దారి లేదు. కానీ ఊరి ఆడపిల్లని దిగువ ఊరికిచ్చి పెళ్ళి చేస్తే, ఆ పిల్ల పేరు మీద కట్టలో మూరెడు గండి వదలడం మావాళ్ళ ఆచారం. ఆడపడుచు గండి అంటారు. సారె పెట్టినట్టే అదీ. ఏటా అన్నదమ్ములే పార పట్టుకుని తియ్యాలి, కూలివాళ్ళు ముట్టుకోకూడదు. మా ఊరి ఆడపిల్లలం చాలామందిమి కిందికే వచ్చాం కాబట్టి కట్ట ఎప్పుడూ జల్లెడలాగే ఉండేది.

గండి తీసిన పొద్దున్నే అన్న నాకు ఫోన్ చేసేవాడు.

"అమ్మీ, నీ నీల్లు బయల్దేరేయి. మీ ఆయన్ని లెగమని సెప్పు."

"ఆయన లెగిసీసరికి నీల్లు కళింగపట్నం దాటి సంద్రంలో కలిసిపోతాయి అన్నియ్యా."

నీళ్ళు మా ఊరు చేరగానే వెళ్ళి ఇంత పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టుకునేదాన్ని. నది అందరిదీ అయినా ఆ రోజు వచ్చిన పాయ మాత్రం నాదేనని నా పొగరు.

నీళ్ళ వాటాల కోసం రెండు ప్రభుత్వాల మధ్య తగువు ఏనాటిదో. మాకది పేపర్లో వార్త, అంతే. అలాంటిది ఒక వేసవిలో ఎవరో అధికారులు కట్ట చూడ్డానికి మా పుట్టింటి ఊరు వచ్చారు. కిందికి నీళ్ళు వదులుతున్నారా అని అడిగారు. ఇంకెవరైనా అయితే నీళ్ళు నమిలేవారు. మా అన్న వాళ్ళని కట్ట మీదికి తీసుకెళ్ళి నా గండి చూపించాడు. పెట్టుపోతల్లో లోటు చెయ్యని ఇల్లు అనిపించుకోవాలని ఆయన సరదా.

"మా ఆడపిల్లలకి మానకుండా ఇస్తన్నాం బాబూ. అది ఆల్ల అక్కు."

జీపు కదిలిందో లేదో ఊరి పెద్దలు అన్న మీద పడ్డారు. హక్కు అని నువ్వే ఒప్పుకున్నావు, రేపు కింది రాష్ట్రం వాళ్ళు ఇదే సాక్ష్యం అంటారు, మన మళ్ళు ఎండగడతావా అని. గండ్లన్నీ మూసెయ్యాలని తీర్మానించారు. నోరు జారినవాడే ముందు మూయాలన్నారు.

మా ఊళ్ళో ఆడపడుచు గండి మూసేది ఒక్కప్పుడే. ఆ ఆడపిల్ల చనిపోతే, పదో రోజు వెళ్ళాక అన్నదమ్ములు వచ్చి తట్టతో మట్టి వేస్తారు. నేను బతికే ఉన్నాను. అన్న నా గండిలో మట్టి వేసి, ఇంటికొచ్చి తలస్నానం చేశాడని వదిన ఫోన్లో చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ ఏడు మా ఆకుమడి ఎర్రబారిపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు, "మీవోల్లు బాగా సేసేరు" అని నాకు వినపడేలా అనేవారు. ఊరుకునే రకం కాదు నేను. కానీ ఎవరి తరఫున పోట్లాడను? బిందె ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

ఒక్క ఆశ మిగిలింది. అన్న కూతుర్ని మా అబ్బాయికి చేసుకోవాలని వాళ్ళు పుట్టినప్పటినుంచీ అనుకున్నదే. పిల్లలిద్దరికీ ఇష్టమే. మేనకోడలు మా ఇంటికి వస్తే దాని పేరు మీద కొత్త గండి తియ్యక తప్పదు, ఎంత పెద్దలైనా ఆచారాన్ని కాదనలేరులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీళ్ళ మాట ఎలా ఉన్నా, అన్న మళ్ళీ పొద్దున్నే ఫోన్ చేస్తాడని నా ఆరాటం.

మొన్న వేసవిలో అన్న బండి మీద వచ్చాడు. కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చాను. దారిలో మా మళ్ళు చూసినట్టున్నాడు, సగంతోనే సరిపెట్టుకుని చెంబు తిరిగిచ్చాడు.

"అమ్మీ, పిల్లని రాయగడ సంబంధానికి ఖాయం సేసేను" అన్నాడు తల ఎత్తకుండా.

"ఊరోల్లు ఒద్దన్నారేటి?"

"ఊరోల్ల మాట కాదు." కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "నీల్లు లేని ఊరికి పిల్లనెలాగ ఇస్తానమ్మీ? కన్నోడిని గదా."

నన్నూ ఒకరు కన్నారు కదన్నియ్యా, నేనున్నదీ ఆ ఊళ్ళోనే కదా అని గొంతుదాకా వచ్చింది. అన్న ఏడుస్తున్నాడు. లోపలికి వెళ్ళి అన్నం వడ్డించాను.