పటంలో లేని పురుగు

మహేశ్వరం వైపు నేను తిరిగిన ఊళ్లలో ఒకటి సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉండేది. అక్కడి వాళ్లకు ఒక అలవాటు. మాట మధ్యలో విమానం వస్తే ఆగిపోతారు, అది పోయాక ఆపిన చోటు నుంచే అందుకుంటారు. బేరమైనా, తగువైనా, చావు కబురైనా అంతే. విమానాశ్రయం వచ్చిన ఆరేళ్లలో ఊరంతటికీ అది అలవడిపోయింది. నాకు మాత్రం అలవడలేదు. మొదలుపెట్టిన మాట ఆపడం నా వల్ల అయ్యే పని కాదు.

అది 2014 చలికాలం. నేను రైతులకు సలహాలు చెప్పే వ్యవసాయ ఉద్యోగిని. టమాటకు పట్టే పురుగుల బొమ్మలున్న పటం ఒకటి చుట్టి బండికి కట్టుకుని తిరిగేవాణ్ణి. ఎవరైనా ఆకు పట్టుకొస్తే పటం విప్పి, ఒక బొమ్మ మీద వేలు పెట్టి, "ఇగో, ఇదే" అనేవాణ్ణి. పదేళ్లుగా ఆ వేలు తప్పలేదని నాకు గట్టి నమ్మకం.

ఆ ఊళ్లో ఒకామెకు బోరు కింద అరెకరం టమాట ఉండేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేవాణ్ణి. భర్త గగన్‌పహాడ్‌లో ఏదో కార్ఖానాకు పోయేవాడు కాబట్టి సేద్యమంతా ఆమెదే. మరిదికి ఆ చెలక నేలను ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మెయ్యాలని ఉంది. ఈ పంట చేతికొస్తే అమ్మకం మాట ఎత్తనని అతను, రాకపోతే అడ్డు చెప్పనని ఆమె, అత్త ముందు ఒప్పుకున్నారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా పది నిమిషాల్లో పని ముగించుకున్నాను.

ఆమె చూపించిన ఆకుల్లో పచ్చదనం తొలిచేసి ఉంది. పటం విప్పి నాలుగో బొమ్మ మీద వేలు పెట్టాను. ఆకు తొలిచే ఈగ.

"ఈగ గీతలు నాకెర్కనే సారు. సన్నగ పాము పోయినట్టు ఉంటయ్. ఇవి గట్ల లేవు. బొబ్బలు లేసినట్టున్నయ్. కాయల గూడ తొడిమె కాడ సన్న సన్న బెజ్జాలున్నయ్" అంది.

"కాయల ఉన్నది వేరే పురుగు అక్కా. రెండు కలిసి పడ్డయ్" అని రెండు మందులు రాసిచ్చి బండెక్కాను.

చీటీలో ఎట్లా రాశానో అట్లాగే కొట్టింది. రెండు వారాల్లో చేను కాలినట్టయింది. ఆమె మందులో నీళ్లు ఎక్కువ కలిపి కొట్టిందని ఇంట్లో అన్నారు. పంట పోతే సారు రాసిన చీటీని ఎవరూ తప్పుపట్టరు, కొట్టిన చేతినే అంటారు. ఆ మాట నా దాకా వచ్చింది. నిజం చెప్పాలంటే, నేనూ అదే నమ్మాను. నమ్మడం నాకు హాయిగా ఉండింది.

తర్వాత ఒకరోజు ఆమె మా ఆఫీసుకు వచ్చింది. సంచిలోంచి ఒక పచ్చడి సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూతికి పలుచని బట్ట కట్టి ఉంది. వాళ్లింట్లో కందులు, పెసలు దాచిపెట్టే ముందు గుప్పెడు గింజలు అట్లా సీసాలో పోసి, పురుగు లేస్తుందేమో కొన్నాళ్లు చూస్తారట. ఆ సీసాలోనే ఈసారి పురుగున్న టమాట ఆకులు వేసి పెట్టింది. వాడిన ఆకుల మీద నాలుగైదు రెక్కల పురుగులు కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. బూడిద రంగు, పైన నల్ల మచ్చలు.

"ఈగ గిట్ల ఉంటదా సారు?"

పటం విప్పాను. పై నుంచి కింది దాకా రెండుసార్లు చూశాను. అందులో లేదు. నాకు కోపం వచ్చింది, అదీ ఆమె మీద. "బయట్నుంచి సొచ్చినయేమో" అన్నాను. ఆమె బట్టకు వేసిన ముడి చూపించింది. మూడు చుట్లు తిప్పి కట్టింది. సీసా అక్కడే వదిలేసి ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

రెండు రోజులు అది నా బల్ల మీదే ఉంది. మూడో రోజు రాజేంద్రనగర్‌లో పురుగుల మీద పనిచేసే ఒక మేడం దగ్గరికి తీసుకుపోయాను. ఆమె సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూసింది. వారం తర్వాత ఫోన్ చేసి పేరు చెప్పింది. టూటా అబ్సొల్యూటా. పుట్టిల్లు దక్షిణ అమెరికా అట, మహారాష్ట్రలో ఈమధ్యే కనపడిందట. దాని పిల్లపురుగు ఆకు రెండు పొరల మధ్యా, కాయ లోపలా దాక్కుంటుందనీ, నేను రాసిన మందులు దాన్ని ఏమీ చేయవనీ అంది. "సీసాలో పెట్టి లేపింది ఎవరు? మంచి పని చేశారు" అని అడిగింది. "ఎవరో రైతు" అన్నాను.

ఆదివారం ఆ ఊరికి పోయాను. అక్క చేనులోనే ఉంది, ఎండిన మొక్కలు పీకుతోంది. సంగతి చెప్పాను.

"పంట ఎట్లాగు పోయింది సారు. మా ఇంటికొచ్చి, తప్పు నాది గాదని జర చెప్పుండ్రి. ఇంకో పంట దాక ఆగమని అడుగుత" అంది.

అత్త మంచం మీద కూర్చుంది. భర్త, మరిది నిలబడ్డారు. నేను పురుగు దగ్గర మొదలుపెట్టి దాని దేశం, రంగు, నోరు తిరగని పేరు అన్నీ వివరంగా చెప్పాను.

"విమానంల దిగిందా ఏంది సారు?" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇక చెప్పవలసింది ఒక్క ముక్క మిగిలింది.

అప్పుడే తూర్పు నుంచి విమానం మోత మొదలైంది. అలవాటు ప్రకారం అందరూ ఆగారు. నేను ఆగలేదు. నెత్తి మీద అది వెళ్తుండగానే గబగబా అనేశాను. నా మాట నాకే వినపడలేదు. అయినా చెప్పాను కదా అనుకుని, బండి తాళాలు తీసుకుని లేచాను.

ఆమె ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. మోత పూర్తిగా తగ్గేదాకా నా ముఖంలోకే చూసింది. "విమానం పోయింది. ఇగ చెప్పుండ్రి."

మళ్లీ కూర్చున్నాను. "నేను రాసిన మందే తప్పు. అక్క ముందే చెప్పింది, నేనే ఇనలే" అన్నాను.

అత్త మరిది వైపు చూసి, "ఇంకో పంట ఏస్తది తియ్‌రా" అంది.