బాలింత సోము

మొన్న అంబాజీపేటలో మా బస్సు ఒక పీచు లారీ వెనక ఇరుక్కుపోయింది. వానకు తడిసిన కొబ్బరి పీచు వాసన కిటికీలోంచి గుప్పుమంది. పక్క సీటులో ఆవిడ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ వాసన తగిలితే నాకు సుగుణమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడతో పాటు, చెవులకు గుడ్డ కట్టించుకుని మా ఇద్దరినీ కొరకొర చూసిన ఒక కుందేలు కూడా గుర్తొస్తుంది.

కొత్తపేటలో నేను మొదట ఉద్యోగం చేసిన చిన్న ప్రైవేటు స్కూలుకి సుగుణమ్మ గారు హెడ్మిస్ట్రెస్. పొట్టి మనిషి, గట్టి గొంతు, మడత చెదరని తెల్ల నేత చీర. వాళ్ళది అల్లవరం వైపు పల్లె. తల్లి పొలం పనికి వెళ్తూనే మంత్రసానితనం చేసేదని, ఊళ్ళో సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారని గర్వంగా చెప్పేవారు. మా అందరికీ సుగుణమ్మ గారంటే భయం. నాకైతే మరీనూ. డిగ్రీ చేతికొచ్చి ఆరు నెలలు కాలేదు. 'తెలియదు' అన్న మాట నా నోటి నుంచి వచ్చిన రోజే నన్ను ఇంటికి పంపేస్తారని నమ్మేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక పిల్ల తండ్రి, ఊరు మారిపోతూ, రెండు తెల్ల కుందేళ్ళను స్కూలుకి ఇచ్చి వెళ్ళాడు.

"రెండూ మగవేనంటండి. మీరు జువాలజీ కదండీ, ఓసారి చూసి చెప్పండి," అన్నారు సుగుణమ్మ గారు.

కాలేజీలో కప్పను కోశాను గానీ కుందేలును ముట్టుకోవడం నాకు అదే మొదలు. ఒకదాన్ని ఎత్తి తిరగేశాను. అది నా మణికట్టు మీద ఒక్క తన్ను తన్నింది. "ఆయ్, మగవేనండి," అనేశాను. పిల్లలు రాము, సోము అని పేర్లు పెట్టారు. ఇద్దరూ మగవాళ్ళేనని స్కూలు రిజిస్టరులో రాసి కింద సంతకం కూడా పెట్టాను.

రెండు నెలలకు సోము తన పొట్ట మీది బొచ్చు తనే పీక్కోవడం మొదలుపెట్టింది. చర్మవ్యాధి అని తేల్చాను. రోజుకు రెండు పూటలా కొబ్బరి నూనె రాశాను. సోము నూనె ఓడుతూనే, స్టోరు గదిలోని పెట్టెలో మేము పరిచిన పీచునంతా నోటితో మోసుకెళ్ళి ఒక మూల పోగేసింది. ఇది వ్యాధి ముదిరిన లక్షణం అనుకున్నాను. మూడో రోజు పొద్దున్న స్టోరు గది తలుపు తీసిన ఆయా వీధి దాకా వినిపించేలా కేకేసింది.

"టీచరు గారండోయ్! సోము కన్నాడండీ!"

ప్రార్థన గంట కొట్టకుండానే స్కూలంతా అక్కడికి చేరింది. పీచు మీద తెల్ల బొచ్చు పరిచిన గూట్లో ఆరు పిల్లలు, ఎర్రగా, చిటికెన వేలంత, కళ్ళు కూడా విడకుండా కదులుతున్నాయి. సుగుణమ్మ గారు వంగి చూసి, నిదానంగా నా వైపు తిరిగారు.

"మగవేనన్నారు కదండీ?"

నేను గూటి మీదికి వంగి పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"సరే, అది తర్వాత చూద్దామండి. ముందు బాలింత సంగతి చూడాలి."

అంతే, ఆ మాటతో అక్కడ కుందేలు లేకుండా పోయింది, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు మిగిలింది. కిటికీలు మూయించారు. రామును లాబుకి పంపేశారు. సాంబ్రాణి ధూపం వేయిస్తే సోము ఏడుసార్లు తుమ్మింది. మెత్తటి అన్నంలో వెల్లుల్లి కారం కలిపి పెడితే వాసన చూసి గిన్నె తన్నేసింది. అప్పుడు సుగుణమ్మ గారు దూది తెప్పించారు.

"బాలింత చెవుల్లో గాలి దూరకూడదండి. మా అమ్మ ఎంతమందికి కట్టిందో!"

"మేడమ్, ఈ చెవులు మరీ..."

"పెద్ద చెవులైతే పెద్ద గుడ్డ కడదామండి."

నేను పట్టుకుంటే ఆవిడ దూది పెట్టారు. పాత నేత చీర చింపి, రెండు చెవులూ వెనక్కి మడిచి, గడ్డం కింద ముడి వేశారు. సోము పెళ్ళిలో మర్యాద జరగని పెద్దత్తలా మూతి ముడుచుకుని కూర్చుంది. అరగంటకోసారి గుడ్డ గీరి పారేసేది, మేము మళ్ళీ కట్టేవాళ్ళం.

మర్నాటికి నవ్వులు ఆగిపోయాయి. సోము గూటి దగ్గరికి పోవడమే లేదు. ఎప్పుడు చూసినా దూరంగా మూలన ముడుచుకుని ఉంటోంది. ఆరింటిలో ఒక పిల్ల చల్లబడిపోయింది. దాన్ని కాగితంలో చుట్టి పెరట్లో పాతిపెట్టి వచ్చాను. మిగిలిన ఐదైనా దక్కాలి. ఆయా తెచ్చిన ఆవుపాలు, ఇంకు ఫిల్లరు పట్టుకుని గూటి ముందు కూర్చున్నాను. సుగుణమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆవుపాలు వీటికి పడతాయాండీ?"

"పడతాయండి."

"తెలుసా, అనుకుంటున్నారా?"

ఇక ఆగలేకపోయాను. "తెలియదండి. ఆడో మగో కూడా నాకు తెలియలేదండి. భయపడి చెప్పేసేను. ఉద్యోగం పోతుందని."

ఆవిడ కోప్పడలేదు. ఒక స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని గట్టిగా ఊపిరి వదిలారు. "హమ్మయ్య. నాకూ తెలియదండి. మా అమ్మ మనుషులకి పురుళ్ళు పోసింది గానీ కుందేళ్ళకి కాదు కదా. ఇద్దరికీ తెలియనప్పుడు కూర్చుని చూడ్డమే."

సోము తలగుడ్డ ఆవిడే విప్పారు. దూది తీశారు, కిటికీ తెరిచారు, ధూపం గిన్నె బయట పెట్టించారు. పిల్లలంతా ఇళ్ళకు పోయాక, ఇద్దరం తలుపు సందులోంచి చూస్తూ నోరు మెదపకుండా కూర్చున్నాం. ఎప్పుడూ ఒక చోట నిలవని సుగుణమ్మ గారు, దోమలు కుడుతున్నా కదల్లేదు. సందె చీకటి పడుతుండగా సోము చెవులు నిక్కించి అటూ ఇటూ విని, ఒక్క గెంతులో గూట్లోకి దూకింది. పిల్లలు గిలగిల్లాడుతూ దాని పొట్ట కిందికి దూరాయి. గట్టిగా ఐదు నిమిషాలు కూడా కాలేదు, వచ్చినట్టే బయటికి గెంతింది. లోపలికి పరుగెత్తి చూశాం. ఐదు పొట్టలూ గుండ్రంగా ఉన్నాయి.

"ఏ పూటకో ఓసారి వచ్చి ఇచ్చి పోద్ది కాబోలండి," అన్నారు సుగుణమ్మ గారు. నవ్వబోయి ఆగిపోయారు. "మనం పొద్దస్తమానం మీద పడి ఉంటే ఎలా వస్తుందండి పాపం. ఆ పోయిన పిల్ల మన వల్లే పోయిందేమో."

మర్నాడు ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ చెప్పారు. "తెలియకుండా సోముకి వైద్యం చేసేను. దాన్ని విసిగించేను. తప్పు నాదే." నా పేరు ఎత్తలేదు. అందుకే నేను ఉండలేక ముందుకు వెళ్ళి, ఆడో మగో తెలియకుండానే సంతకం పెట్టానని చెప్పేశాను. రెండో తరగతి పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"మేడమ్, మరి రాము మగదేనాండీ?"

"అదొక్కటీ ఇప్పుడు ఖాయంగా తెలిసిందమ్మా," అన్నారు సుగుణమ్మ గారు. టీచర్లమంతా పగలబడి నవ్వాం. ఎందుకో పిల్లలకు అర్థం కాలేదు గానీ వాళ్ళూ నవ్వారు.

ఐదు పిల్లలూ బతికాయి. నా ఉద్యోగమూ నిలిచింది. ఇవాళ్టికీ నా క్లాసులో ఎవరైనా నాకు రాని ప్రశ్న వేస్తే, తెలియదని చెప్పడానికి గొంతు తడబడదు.

పోయిన చలికాలం ఆవిడకు ఒంట్లో బాగాలేదంటే అల్లవరం వెళ్ళాను. సముద్రపు గాలి పడదని చెవుల్లో దూది పెట్టి, తలకు ఉన్ని గుడ్డ కట్టి పడుకోబెట్టారు. నన్ను చూడగానే కళ్ళతో నవ్వారు.

"సోములా ఉన్నానాండీ?"

"ఉన్నారండి. దానికున్నంత కోపం లేదు."

నా చెయ్యి పట్టుకున్నారు. "అందరూ తగ్గిపోద్దంటున్నారు. మీరు చెప్పండి. తగ్గుతుందంటారా?"

తగ్గిపోతుందండి అన్న మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"తెలియదండి."

"ఆయ్," అన్నారావిడ తృప్తిగా, మంచం పక్కన కుర్చీ చూపించారు. "అయితే కాసేపు కూర్చోండి."

కూర్చున్నాను. ఆఖరి బస్సు వేళ దాకా అలాగే కూర్చున్నాను.